పెరటికి అందం, వేసవికి చలువ: ఈత చెట్టు

గత వేసవిలో జనగామలో ఒక గృహస్థు నా వైద్యశాలకు వచ్చారు. "అయ్యగారూ, ఇంటి ముందు ఈత చెట్టుంటే కల్లు దుకాణంలా ఉందని బంధువులు నవ్వుతున్నారు. దాన్ని కొట్టించి నర్సరీ నుండి సాగో పామ్ తెచ్చి పెట్టాలనుకుంటున్నాం" అన్నారు. వారింట రెండేండ్ల మనుమడున్నాడని నాకు తెలుసు. గొడ్డలి ఎత్తవద్దని అక్కడికక్కడే చెప్పాను.

సాగో పామ్ అని అమ్మే సైకస్ నిజానికి తాటి, ఈతల కుటుంబానికి చెందినది కాదు. దాని అన్ని భాగాలూ విషమే. గింజలు మరింత ప్రమాదకరం. అవి తింటే వాంతులు మొదలై, కాలేయం దెబ్బతినవచ్చు. పొరపాటున పిల్లలు నోట పెట్టుకుంటే చిట్కా వైద్యాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

ఈత గుణములు

గురుకులంలో భావప్రకాశ నిఘంటువు చెప్పేటప్పుడు మా గురువుగారు ఈతమట్ట ముల్లును వేలితో తాకించి, దీనికి 'దురారోహ' అన్న పేరు ఎందుకు వచ్చిందో బోధించారు. ఎక్కుటకు కష్టమైనది అని అర్థం. పండు మధుర రసం, శీత వీర్యం. వాత పిత్తములను శమింపజేస్తుంది. పది పండ్లు గింజ తీసి, గ్లాసు నీటిలో పిసికి, వడకట్టి తాగితే వేసవి తాపానికి హితం. మధుమేహులు వైద్యుని అడిగి తీసుకొనవలెను. పసిపిల్లలకు గింజ తీయకుండా ఇవ్వరాదు, గొంతులో అడ్డుపడుతుంది.

పెంచే విధానం

పండిన ఈత గింజలను గుజ్జు పోయేలా కడిగి, రెండు రోజులు నానబెట్టి నాటండి. మొలకకు రెండు మూడు నెలలు పట్టవచ్చు. తొలి ఆకు గడ్డిపరకలా ఉంటుంది, కలుపని పీకివేయకండి. మన ఎర్ర చల్కా నేలలు దీనికి అనుకూలం. మూడడుగుల గుంతలో మాగిన పశువుల ఎరువు కలిపి, నడిచే దారికి ఆరడుగుల దూరంలో నాటవలెను. మట్టల మొదట్లో ముళ్ళు కంటికి ప్రమాదం. మొదటి రెండు వేసవులు నీరు పోస్తే చాలు. వేళ్ళు లోతుకు దిగిన తరువాత ఎండను తానే తట్టుకొంటుంది.

ఎండిన మట్టలనే కోయండి. చెట్టుకు ప్రాణం తలలోని ఒకే ఒక మొవ్వు. అది పోతే చెట్టు పోతుంది. దగ్గరలో పెంటకుప్ప ఉంచరాదు. మొవ్వును తొలిచే కొమ్ము పురుగు అందులోనే పెరుగుతుంది. ఈతలో ఆడ, మగ చెట్లు వేరు. పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. పండ్లు ఆడ చెట్టుకే కాస్తాయి.

2015లో మొదలైన హరితహారంలోనూ ఈత మొక్కలు నాటారు. ఊరికి పనికివచ్చిన చెట్టు ఇంటి ముందుంటే చిన్నతనమెందుకు?

ఆ గృహస్థు చెట్టును ఉంచారు. ఈ జ్యేష్ఠంలో గెల పండింది. పండ్లు కొన్ని కొంగున కట్టుకొని వారి ఇల్లాలు నాకు తెచ్చి ఇచ్చారు. గింజలు మాత్రం ముందే తీసివేశారు.