నలుగురికీ తెలిస్తేనే నయం

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు కుర్రాడు రోజూ ఉదయం ఎనిమిదిన్నరకల్లా లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని లిఫ్టు దిగేవాడు. మెడలో ఐడీ కార్డు ఉండటం లేదన్న సంగతి చాలా రోజుల వరకూ నా కంటికి ఆనలేదు. ఒకరోజు మధ్యాహ్నం పన్నెండింటికి హైదరాబాద్ నిజాంపేట రోడ్డులో టీ కొట్టు దగ్గర కనబడ్డాడు. ‘ఏం బాబూ, ఇవాళ సెలవా?’ అన్నాను. కాసేపు నసిగి, ‘రెండు నెలలైంది అంకుల్ తీసేసి. నాన్నకు ఇంకా చెప్పలేదు. నలుగురికీ తెలిస్తే బాగుండదు కదా’ అన్నాడు. పొద్దంతా ఒక రీడింగ్ రూములో కూర్చుని నౌకరీ, లింక్డిన్ సైట్లలో అప్లికేషన్లు పెడుతున్నాడట. మూడొందలు దాటాయి. ఫోన్లు నాలుగొచ్చాయి.

అతను దాక్కుంటున్నది ఆ నలుగురి నుంచే. చిక్కేమిటంటే, ఉద్యోగం దొరికే దారి కూడా వాళ్ల గుమ్మం ముందు నుంచే పోతుంది.

ముందు మార్కెట్ ఇలా ఎందుకు తయారైందో చూద్దాం. కరోనా రోజుల్లో అమెరికాలో వడ్డీ దాదాపు సున్నా. అప్పు చవగ్గా దొరికింది, కంపెనీలు ఎడాపెడా మనుషుల్ని తీసుకున్నాయి. 2022 మార్చి నుంచి అక్కడి ఫెడరల్ రిజర్వ్ వడ్డీ పెంచుకుంటూ పోయి, 2023 జులైకల్లా అయిదుంపావు దాటించింది. ఈలోపే 2022 నవంబరులో మెటా 11 వేల మందిని తీసేసింది. 2023 జనవరిలో అమెజాన్ 18 వేలు, గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు అన్నాయి. పెద్దగా ఎవరూ మాట్లాడని కారణం ఇంకొకటుంది. 2021 దాకా అమెరికా కంపెనీలు సాఫ్ట్‌వేర్ తయారీకి పెట్టిన ఖర్చును ఆ ఏడాది లాభంలోంచే మినహాయించుకుని పన్ను కట్టేవి. 2022 నుంచి ఆ ఖర్చును అమెరికాలో చేయిస్తే అయిదేళ్లకు, విదేశాల్లో చేయిస్తే పదిహేనేళ్లకు పరిచి చూపాల్సొచ్చింది. అమెరికాలో జరిగే పనికి 2025 జులైలో ఈ పీడ వదిలింది గానీ విదేశాల్లో చేయించే పనికి పదిహేనేళ్ల లెక్క అలాగే ఉంది. ఇక ‘అంతా ఏఐ తినేసింది’ అన్నది సగం నిజమే అనుకుంటాను. అవసరానికి మించి మనుషుల్ని తీసుకున్నామని ఒప్పుకోవడం కన్నా ఏఐ పేరు చెప్పడం యాజమాన్యాలకు గౌరవంగా ఉంటుంది.

మన దగ్గర దెబ్బ ఇంకోలా పడింది. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గిస్తానంది. వాళ్లలో ఎక్కువమంది మధ్య, పై స్థాయివాళ్లే. ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద ఏడాదికి 35 రోజులకు మించి ఉండకూడదని అంతకు నెల ముందే నిబంధన పెట్టింది. పదిహేనేళ్ల అనుభవం, నెత్తిన గృహరుణం, మణికొండలో ఫ్లాటు ఉన్న మేనేజర్లు తొలిసారి భయపడ్డది అప్పుడే. అలాగని ఉద్యోగాలు మాయమైపోలేదు, చోటు మారాయి. విదేశీ సంస్థలు ఇక్కడ సొంతంగా పెట్టుకున్న కేంద్రాలు, అదే జీసీసీలు, 2024 నాటికి దేశంలో 1,700 పైన ఉన్నాయి. వాటిలో అప్పటికి 19 లక్షల మంది పనిచేస్తున్నారు. అయితే అవి సర్వీస్ కంపెనీల్లా కాలేజీకొచ్చి బస్సులకొద్దీ మనుషుల్ని ఎక్కించుకుపోవు. ఒక టీముకు ఒకరు కావాలి, ఫలానా పని వచ్చినవారే కావాలి. అలాంటి ఖాళీ బయటి ప్రకటనగా మారేలోపే ఆ టీములో ఎవరో ఒకరు ‘మా పాత ఆఫీసులో ఒకడున్నాడు’ అంటారు.

ఆ మాట ఎవరు అంటారన్నదే అసలు సంగతి. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ దగ్గరి న్యూటన్ ఊళ్లో, అప్పుడే ఉద్యోగం మారినవాళ్లను ‘ఈ కొలువు ఎలా దొరికింది?’ అని అడిగాడు. సగానికి పైగా తెలిసినవాళ్ల ద్వారానే అన్నారు. ఆ తెలిసినవాళ్లతో ఎంత తరచుగా కలుస్తుంటారని కూడా అడిగాడు. వారానికి రెండుసార్లయినా కలిసే దగ్గరివాళ్ల ద్వారా దొరికింది 17 శాతం లోపే. మిగతా అందరికీ ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్లో, ఏడాదికి ఒకసారో అంతకన్నా తక్కువో కనబడేవాళ్లో దారి చూపారు. ఆయన 1973లో ఈ సగం పరిచయాల బలం మీద రాసిన వ్యాసం ఆ శాస్త్రంలో పేరుమోసింది. 2022లో లింక్డిన్‌లోని 2 కోట్ల మంది మీద అయిదేళ్ల ప్రయోగాల లెక్క బయటికొచ్చింది. అందులోనూ అదే తేలింది. మరీ ముక్కూమొహం తెలియనివాళ్లు కాదు, మరీ దగ్గరివాళ్లూ కాదు, ఓ మోస్తరు పరిచయస్తులే కొత్త ఉద్యోగానికి ఎక్కువ అక్కరకొచ్చారు. డిజిటల్ రంగాల్లో ఈ తేడా మరీ స్పష్టంగా కనబడింది.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ప్రాణస్నేహితుడికి తెలిసిందంతా మనకూ తెలుసు. అదే క్యాంటీన్, అదే ప్రాజెక్టు, చాలాసార్లు అదే లేఆఫ్ జాబితా. ఆరేళ్ల కిందట క్యాబ్‌లో పక్కసీట్లో కూర్చుని వేరే కంపెనీకి వెళ్లిపోయిన టెస్టింగ్ అమ్మాయికి మాత్రం మనకు తెలియని మరో లోకం తెలుసు. అందుకే ‘ఎవరికీ చెప్పొద్దు, ఉద్యోగం వచ్చాకే చెబుదాం’ అని ఇంట్లో వేసుకునే ఒట్టు తలుపులకు మనమే వేసుకునే గడియ అంటాను.

పోర్టల్‌లో అప్లికేషన్ పెట్టడం వృథా అనడం లేదు. కానీ ఒక్కో ప్రకటనకు వందలు, ఒక్కోసారి వేలు వచ్చిపడతాయి. రెజ్యూమెను మెషీన్ చింపి పారేస్తుందని అందరూ అనుకుంటారు గానీ, చాలాచోట్ల జరిగేది అంత నాటకీయంగా ఉండదు. హెచ్ఆర్ మనిషి అనుభవం, ఊరు, నోటీస్ పీరియడ్, ఈమధ్య ప్రొఫైల్ తెరిచారా లేదా అని వడబోసుకుని, పైన కనబడ్డ కొన్ని చదివి, సరిపడా మనుషులు దొరగ్గానే ఆపేస్తారు. మిగతావి ఎవరూ తెరవరు. ఈ వడపోతలో లేఆఫ్ అయినవారికి ఒక మేలుంది, చాలామంది దాన్ని వాడుకోరు. మన ఐటీలో మూడు నెలల నోటీసు మామూలు. ఆ మూడు నెలల్లో అభ్యర్థి ఇంకో రెండు ఆఫర్లు తెచ్చుకుని ఆఖరిరోజు చెయ్యివ్వడమూ మామూలే. ఆ దెబ్బ తిన్న మేనేజర్‌కు ‘సోమవారం చేరతాను’ అనేవారు కనబడితే ప్రాణం లేచొస్తుంది. ‘ఇమ్మీడియట్ జాయినర్’ అన్న మాట ప్రొఫైల్ మొదటి వరసలో ఉండాలి. సిగ్గుపడి పాత కంపెనీలో ఇంకా ఉన్నట్టే చూపించేవారు ఈ లాభాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా చూస్తే చివరి నెల ఏదో ఎలాగూ బయటపడుతుంది.

మూడో అంతస్తు కుర్రాడి రెజ్యూమె నేనూ చూశాను. ‘బ్యాంకింగ్ ప్రాజెక్టులో జావా డెవలపర్‌గా బాధ్యతలు నిర్వర్తించాను’ అని ఉంది. ఏం బాధ్యతలు నాయనా అంటే చెప్పుకొచ్చాడు. రాత్రిపూట నడిచే లెక్కల ప్రోగ్రాం నాలుగు గంటలు పట్టేదట, డేటాబేస్ క్వెరీలు మార్చి నలభై నిమిషాలకు తెచ్చాడట. ‘అదే రాయవేం?’ అన్నాను. ‘అది చిన్న విషయం కదా అంకుల్’ అన్నాడు. ఆ చిన్న విషయాన్నే మొదటి వరసగా పెట్టించాను.

తర్వాత ఒక మెసేజ్ రాశాం. ‘హాయ్ అన్నా, ఎలా ఉన్నారు’ అని మొదలెట్టి జవాబు కోసం మూడు రోజులు చూసే బాపతు కాదు. ‘అన్నా, బ్యాంకింగ్ ప్రాజెక్టులో మీ పక్క టీములో ఉండేవాణ్ని, నైట్ బ్యాచ్ సమస్య మనిద్దరం కలిసే చూశాం. రెండు నెలల కిందట మా టీమునంతా తీసేశారు. మీ కంపెనీలో ఈ జాబ్ ఐడీ చూశాను. రెజ్యూమె జత చేశాను. రిఫర్ చేయడానికి వీలవుతుందా? కుదరకపోతే ఏమీ అనుకోను.’ అంతే. ఎవరో, ఏమైందో, ఏం కావాలో, కాదనడానికి దారి ఏదో, అన్నీ అందులోనే ఉన్నాయి. చాలా కంపెనీలు రిఫర్ చేసిన ఉద్యోగికి బోనస్ కూడా ఇస్తాయి, కాబట్టి అడగడం చెయ్యి చాపడమేం కాదు.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. తీసేసే రోజు ‘మీరే రాజీనామా ఇస్తే రికార్డు బాగుంటుంది’ అంటారు. అక్కడికక్కడే సంతకం పెట్టకండి, ఒకరోజు గడువు అడిగి చదవండి. తీసేసినందుకు చట్టప్రకారం పరిహారం అడిగే హక్కు మీకుంటే, స్వచ్ఛందంగా రాజీనామా చేశానన్న సంతకం దానికి అడ్డొస్తుంది. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ మీ హక్కు, కంపెనీ దయ కాదు. అయిదేళ్ల సర్వీసు లేకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడే అవకాశముంది. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, అమ్మానాన్నలది కూడా. కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు కనుక, కంపెనీ పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మారే వీలు గురించి చివరి రోజుకు ముందే అడగాలి.

అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉన్న మనవాళ్ల పరిస్థితి వేరు. వాళ్ల గడియారం ఉద్యోగం ముగిసిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులు, అక్కడ ఉండేందుకు ఐ-94 పత్రంలో ఇచ్చిన గడువు అంతకన్నా ముందుంటే అప్పటిదాకానే. ఆ 60 రోజుల్లో వీసా ఆమోదం రావాలనుకుని కంగారుపడేవారున్నారు. ఆమోదం అక్కర్లేదు, కొత్త సంస్థ పిటిషన్ దాఖలు చేస్తే చాలు, దాంతోనే పనిలో చేరొచ్చు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది ఉంటే, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా సాధారణంగా గ్రీన్‌కార్డు వరసలో మీ తేదీ పోదు. అక్కడ 60 రోజుల్లో 20 రోజులు ‘ఇండియాలో వాళ్లకు తెలియకూడదు’ అని గడిపేవారిని తలుచుకుంటే బాధేస్తుంది.

రహస్యానికి ఇంకో నష్టముంది. ఎవరికీ చెప్పనివాళ్లే మోసగాళ్లకు తేలిగ్గా దొరుకుతారు. అమీర్‌పేట చుట్టుపక్కల దొంగ అనుభవం సర్టిఫికెట్లు, మన బదులు ఇంకొకరు మాట్లాడే ఇంటర్వ్యూలు, ‘బ్యాక్‌డోర్’ కొలువులు అమ్మేవారు కొత్త కాదు. అలా చేరినవాళ్లు వెరిఫికేషన్‌లో దొరికితే మచ్చ పడిపోతుంది. కంబోడియాలో డేటా ఎంట్రీ పని అని నమ్మి వెళ్లిన మనవాళ్లతో సైబర్ నేరాలు చేయిస్తున్న వ్యవహారాన్ని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఉద్యోగం కోసం మీరు డబ్బు కట్టాలంటే అది ఉద్యోగం కాదు. కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కుర్రాడు ఆ ఆదివారమే నాన్నకు చెప్పాడు. ఆయన ఒక పూట మాట్లాడలేదట. సాయంత్రం తన పాత సహోద్యోగి అల్లుడి నంబరు ఇచ్చాడట. ఆ అల్లుడి కంపెనీలో ఖాళీ లేదు గానీ అతను ఇంకొకరి పేరు చెప్పాడు. ఇప్పుడు రెండో రౌండు నడుస్తోంది, వస్తుందో రాదో తెలియదు.

ఉద్యోగంలో ఉన్న పాఠకులకు ఒక్క మాట. ఇలాంటి మెసేజ్ మీ ఫోన్‌లోనూ ఒకటి చూడకుండా పడి ఉండొచ్చు. ఈ రాత్రి తెరిచి జవాబివ్వండి, ‘మా దగ్గర ఖాళీలు లేవు తమ్ముడూ’ అనైనా సరే.