ప్రవాసుల పునరాగమనము – పల్లె భూములు

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, నాగపూరు పోవు రాజమార్గముపై మేడ్చలును, కరీంనగరు పోవు రాజీవ్ రహదారిపై శామీర్‌పేటయు నున్నవి. ఒక తరము క్రిందట ఈ ప్రాంతము ద్రాక్షతోటలకును, కూరగాయల మళ్లకును పేరుపొందినది. నేడు నగరమును 158 కిలోమీటర్ల పొడవున చుట్టివచ్చిన అవుటర్ రింగురోడ్డు ఈ రెండూళ్లను తాకుచు పోవుచున్నది. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమును, తుర్కపల్లి దిక్కున ఔషధ పరిశోధనశాలలతో నిండిన జీనోమ్ వ్యాలీయు వెలసినవి. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి యను పేర ప్రత్యేక జిల్లాయే యేర్పడినది. ఎకరముల లెక్క గుంటలలోనికి, గుంటల లెక్క గజములలోనికి దిగినది. తోటలు పోయినవి, తోటల పేర్లు మాత్రము అమ్మకపు పలకలపై మిగిలియున్నవి.

ఈ పలకలను చదువుచు తిరుగువారిలో ఒక వర్గమును గూర్చి నేడు వ్రాయదలచితిమి. 1965లో అమెరికా వలస చట్టము సడలిన పిమ్మట ఆ దేశమునకు పోయిన వైద్యులు, ఇంజనీర్లు, వారి వెనుక పోయినవారు ముప్పది నలువది యేండ్లు పనిచేసి, అక్కడి పౌరసత్వమును స్వీకరించి, బిడ్డలను స్థిరపరచి, ఉద్యోగ విరమణానంతరము కన్నభూమికి మరలి వచ్చుచున్నారు. వారి కోరిక పెద్దది కాదు. పది గుంటల నేల, ఒక బోరుబావి, నాలుగు మామిడిచెట్లు, రెండు గదుల యిల్లు. వారి చేత డబ్బున్నది. అమ్మువాడు సిద్ధముగా నున్నాడు. "మీకు ఓ.సి.ఐ. కార్డున్నది గదా, అదియు పౌరసత్వమే గదా, ఇంకేమి సందేహమండీ?" అని దళారి ధైర్యము చెప్పును. ప్రమాదమంతయు ఆ యొక్క మాటలోనే యున్నది.

ఆ కార్డు పుట్టుకతో మన నగరమునకు సంబంధము కలదు. 2006 జనవరిలో హైదరాబాదున జరిగిన ప్రవాసీ భారతీయ దివస సభలోనే ప్రధాని మన్‌మోహన్ సింగుగారు మొదటి కార్డులను అందజేసిరి. కార్డు పేరులో పౌరుడను మాట యున్నది గాని, పౌరసత్వము లేదు. 1955 నాటి పౌరసత్వ చట్టములోని 9వ సెక్షను ప్రకారము, స్వేచ్ఛతో పరదేశ పౌరసత్వము పుచ్చుకొన్న క్షణముననే భారత పౌరసత్వము అంతరించును. కార్డుగలవారు జీవితకాలము ఈ దేశమునకు రావచ్చును, ఎంతకాలమైన నుండవచ్చును, ఇతర విదేశీయులవలె పోలీసు రిజిస్ట్రేషను చేయించుకొన నక్కరలేదు. ఓటు లేదు, ప్రభుత్వోద్యోగము లేదు. స్థిరాస్తి విషయమున 2021 మార్చి 4వ తేదీ నాటి కేంద్ర హోంశాఖ ప్రకటన స్పష్టముగా నున్నది. వ్యవసాయ భూములు, ఫారము హౌసులు, తోట భూములు తప్ప తక్కిన ఆస్తులను మాత్రమే వీరు కొనవచ్చును.

ఇది క్రొత్తగా వచ్చిన యాంక్ష కాదు. 1999 నాటి విదేశీ మారకపు నిర్వహణ చట్టము, అనగా ఫెమా, క్రింద 2019లో వచ్చిన నిబంధనలలో నిదే యున్నది. అంతకుముందున్న నిబంధనలలోను నిదే యుండెను. భారత పాస్‌పోర్టునే యుంచుకొని పరదేశమున నివసించువారికి సైతము ఇదే హద్దు. నగరములో ఇల్లు, అపార్టుమెంటు, దుకాణము, ఇంటిస్థలము ఎన్నియైన కొనవచ్చును. పొలము కొనరాదు. బంధువులు దానముగా నిచ్చినను పుచ్చుకొనరాదు. వారసత్వముగా వచ్చిన పొలమును మాత్రము నిలుపుకొనవచ్చును; దాని నమ్మదలచినచో భారతదేశమున నివసించువారికే యమ్మవలెను గాని, తనవంటి మరియొక ప్రవాసికి కాదు. అతిక్రమించినచో, ఆ సొమ్మునకు మూడింతలవరకు జరిమానా విధింపవచ్చును. ఆస్తిని జప్తు చేయవచ్చును.

కాలము గడచినచో అంతయు సర్దుకొనునని తలచువారు సుప్రీముకోర్టు 2021 ఫిబ్రవరిలో నిచ్చిన తీర్పును చదువవలెను. బెంగుళూరులో ఒక విదేశీయురాలు 1977లో రిజర్వు బ్యాంకు అనుమతి లేకయే తన స్థలమును దానమిచ్చెను. అప్పటి చట్టము ఫెమా కాదు, దానికి పూర్వపు ఫెరా. నలువదినాలుగేండ్ల పిమ్మట న్యాయస్థానము ఆ దానము చెల్లదని చెప్పినది. దస్తావేజు రిజిస్టరగుట వేరు, హక్కు నిలుచుట వేరు.

"నా పేర వద్దు, అన్న పేర వ్రాయింతును" అను నుపాయము మనవారికి వెంటనే తోచును. ఇది మేడ్చల్ ప్రాంతమున మాత్రమే కాదు, తెలుగునాట నంతటను సాగుచున్న పద్ధతి. అయితే 1988 నాటి బినామీ చట్టమును 2016లో సవరించి కోరలు తొడిగిరి. ఒకని సొమ్ముతో మరియొకని పేర కొన్న ఆస్తిని ప్రభుత్వము స్వాధీనము చేసికొనును. ఒకటి మొదలు ఏడేండ్ల వరకు కారాగారము, ఆస్తి విలువలో నాలుగవ వంతు వరకు జుల్మానా. భార్యాబిడ్డల పేర తెలిసిన ఆదాయముతో కొనుటకు మినహాయింపు గలదు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, తల్లిదండ్రుల పేర కొన్నచో, సొమ్మిచ్చినవాని పేరుకూడ దస్తావేజులో ఉమ్మడి హక్కుదారుగా నున్నప్పుడే మినహాయింపు వర్తించును. ఇక చిక్కు చూడుడు. పేరు చేర్చినచో ఫెమా అడ్డుపడును. చేర్చకున్నచో బినామీ చట్టము పట్టుకొనును. రెండు చట్టముల నడుమ నిలువ నీడ లేదు.

అట్లు గాక తల్లికి సొమ్ము నిజముగనే బహూకరించి, ఆమె తన పేర కొనినచో భూమి ఆమెదే యగును. ఆమె యనంతరము వారసత్వముగా వచ్చుటకు చట్టము ఒప్పుకొనును. కాని ఆమె వీలునామా వ్రాయక పోయినచో బిడ్డలందరును సమాన భాగస్వాములు. డాలర్లు పంపినవాడు ఒకడు, పంచుకొనువారు నలుగురు. ఇట్టి కారణముల వలన మాటలు మానుకొన్న అన్నదమ్ములను మేమెరుగుదుము. వారిలో ఎవ్వరును మోసగాండ్రు కారు.

ఇక ఫారము ప్లాటు సంగతి. గుంట యనగా 121 గజములు. పది గుంటలకు 1,210 గజములు. పొలమును పొలముగనే యుంచి, మట్టి రోడ్లు పోసి, ప్రహరి కట్టి, ఒక్కొక్క తునకను వ్యవసాయ భూమిగా రిజిస్టరు చేయుదురు. కొన్నవాడు దానిని ఇంటిస్థలమనియే నమ్మును. ప్రవాసికి ఇందు రెట్టింపు నష్టము గలదు. కాగితముపై అది వ్యవసాయ భూమి గనుక అతడు కొనరాదు. కొని యిల్లు కట్టినను అది ఫారము హౌసు, దానిపేరు సైతము నిషేధములో చేరియున్నది. సరియైన దారి యొకటి యున్నది. 2006 నాటి చట్టము ప్రకారము భూమిని వ్యవసాయేతరముగా మార్పించి, హెచ్.ఎమ్.డి.ఎ. వారిచే లేఅవుటు మంజూరు చేయించినచో అది ఇంటిస్థలమగును, ప్రవాసి నిస్సంశయముగా కొనవచ్చును. దానికి రుసుములు, రోడ్లకును ఉద్యానములకును విడువవలసిన స్థలము, కాలయాపన గలవు. అందువలన ధర హెచ్చును. ఆ హెచ్చుదల నెగవేయుటకే ఫారము ప్లాటు అను పేరు పుట్టినది.

ఈ నేలలో పాత చిక్కులును దాగియున్నవి. నగర పరిసరములలోని భూములు నిజాము స్వంత సర్ఫెఖాసుగా నుండి, 1949లో ప్రభుత్వమున కలిసినవి. పిమ్మట ఇనాము భూములు, 1950 నాటి కౌలుదారీ చట్టమున 38-ఇ సెక్షను క్రింద హక్కు పొందిన రక్షిత కౌలుదార్ల భూములు, 1977 చట్టముచే అమ్మకము నిషిద్ధమైన అసైన్డు భూములు ఒకదాని ప్రక్కన ఒకటి పడియున్నవి. 2020లో వచ్చిన ధరణి పోయి 2025లో భూభారతి వచ్చినది. పాసుపుస్తకము చేతనున్నదని సంతోషించుటకు ముందు పాత పహాణీలను చూపించుకొనుట మంచిది. న్యూజెర్సీలో కూర్చుండి చిత్రపటములు చూచి బయానా పంపువారు ఈ పని చేయుచున్నారా?

ఇది మన దేశపు ప్రత్యేక కాఠిన్యమని కొందరు ప్రవాసులు నొచ్చుకొనుచున్నారు. లోకమున నిది యంతటను గలదు. థాయిలాండు ఏబది యేండ్లు నిండిన విదేశీయులకు, ఎనిమిది లక్షల బాత్‌లు బ్యాంకున చూపినచో, విరామ నివాసము నిచ్చును. నేలను మాత్రము వారి పేర పెట్టదు. పోర్చుగలు ఇల్లు కొన్నవారికి నివాసహక్కు నిచ్చు పద్ధతిని 2023లో మానుకొన్నది. స్పెయిను 2025 ఏప్రిలులో మానుకొన్నది. ధనికులు వచ్చి ధరలు పెంచగా స్వంత ప్రజలకు ఇండ్లు దొరకలేదను ఫిర్యాదు ఆ రెండు దేశములలోను బలముగా వినబడినది. ఫిలిప్పీను దేశము మాత్రము, అక్కడ పుట్టి పౌరసత్వము వదలుకొన్నవారికి, నివాసార్థమై గ్రామములలో ఒక హెక్టారు వరకు కొనుట కనుమతించుచున్నది.

ఈ పరిమిత పద్ధతి మన ప్రభుత్వము ఆలోచింపదగినదే. వచ్చి స్థిరముగా నివసించువానికి, తిరిగి యమ్మకమునకు కాలపరిమితి విధించి, ఒక యెకరమిచ్చుట వలన దేశము మునిగిపోదు. నిషేధమును పూర్తిగా తొలగింపుమనుటకు మాత్రము మే మంగీకరింపము. శామీర్‌పేట చెరువు క్రింద సాగుచేసికొను రైతు తన కుమారునకై ప్రక్క చెక్కను కొనజాలని ధర ఇప్పటికే వచ్చినది. నగరవాసుల సొమ్మే యా పని చేసినది. దానిపై డాలరు కూడ స్వేచ్ఛగా దిగినచో అతని గతి యేమి?

నిజముగ నేలయే కావలెనన్నవారికి చట్టమే యొక ద్వారము తెరచియుంచినది. ఓ.సి.ఐ.గా నమోదై యైదేండ్లు గడచి, అందు పండ్రెండు మాసములు ఈ దేశమున నివసించినవారు 5వ సెక్షను క్రింద భారత పౌరసత్వమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. పరదేశ పాస్‌పోర్టును వదలుకొనవలెను. అక్కడనే చాలమంది వెనుదీయుదురు. వారిని నిందింపము. మనుమలు ఆ గట్టున నున్నారు. కాని అమెరికా మెడికేరు వైద్యసాయము సాధారణముగా ఈ దేశపు ఆసుపత్రులలో చెల్లదను సంగతిని గూడ లెక్కలో వేసికొనవలెను.

ప్రభుత్వమువారు తక్షణము చేయదగినది చిన్న పని. 2020 నుండి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహసీలుదార్ల చేతిలో నున్నది. దేశమున 182 దినములు నివసించిన విదేశీయునకు సైతము ఆధారు కార్డు లభించును. అది నివాసమునకు గుర్తే గాని పౌరసత్వమునకు ప్రమాణము కాదు. మేడ్చల్, శామీర్‌పేట కార్యాలయములలో కొనుగోలుదారుని పౌరసత్వమును వ్రాతమూలకముగా ప్రకటింపజేసి, నిషేధపు పాఠమును తెలుగున ముద్రించి, సంతకమునకు ముందు అతని చేత చదివింపవలెను. పరదేశములలో ప్రదర్శనలు పెట్టి ప్లాట్లు అమ్మువారు తమ కరపత్రములపై ఆ పాఠమునే ముద్రింపవలెను.