నివురు గప్పిన నిప్పు

శీతకాలంలో మానవుడు కోరే మొదటి సుఖం వెచ్చదనం. ఆ వెచ్చదనాన్ని ప్రసాదించే అగ్నియే మనం ఏమరిన క్షణంలో ఇంటిని, ఒంటిని దహిస్తుంది. ఇది కాశ్మీరువారి సమస్య, సిమ్లావారి సమస్య, మనకేమి చలి అని మనలో చాలామంది భావిస్తారు. ఆ భావన సరికాదు. ఆదిలాబాదు ప్రాంతంలోను, అరకు, లంబసింగి వంటి మన్యపు గ్రామాలలోను డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటె దిగువకు పోవడం కద్దు. పైగా మన ఇళ్లు చలిని దృష్టిలో పెట్టుకొని కట్టినవి కావు. గదులలో పొగగొట్టాలు ఉండవు. చలి ముదిరిన నాలుగు రాత్రులు చేతికందిన సాధనంతో గడుపుకుంటాము. అలవాటు లేని పని కనుకనే పొరపాటుకు తావెక్కువ.

కుంపటి – అంగీఠీ

తెలుగువారి కుంపటి, ఉర్దూ మాట్లాడేవారి అంగీఠీ, కాశ్మీరీల కాంగ్డీ ఒకే కుటుంబానికి చెందినవి. కాంగ్డీ అంటే వెదురుబుట్ట వంటి అల్లికలో అమర్చిన మట్టిపాత్ర. అందులో నిప్పులు పోసి, ఫిరన్ అనే వదులు అంగీ లోపల పట్టుకుంటారు. ఏళ్ల తరబడి ఒకేచోట ఆ వేడి తగలడం వల్ల పొట్టమీద, తొడలమీద చర్మానికి ఒక విధమైన కాన్సర్ వస్తున్నదని వైద్యులు 19వ శతాబ్దంలోనే గుర్తించారు.

మన ఇళ్లలో కుంపటికి మరొక ముఖ్యమైన స్థానం ఉంది. బాలింత మంచం క్రింద నిప్పులు పెట్టడం హిందువుల ఇళ్లలోను, ముస్లిముల ఇళ్లలోను పాత ఆచారమే. గాలి సోకరాదని తలుపులు, కిటికీలు మూసివేస్తారు. మా బంధువుల ఇంట ఒక శీతకాలపు రాత్రి ఇలాగే జరిగింది. తెల్లవారుజామున తల్లికి విపరీతమైన తలనొప్పి, వాంతులు. లేచి నిలబడే శక్తి లేదు. పసిబిడ్డ పాలకు కూడ ఏడవడం లేదు. ప్రసవపు నీరసమని ఒకరు, దిష్టి అని మరొకరు అన్నారు. ఇంటి పెద్దాయన ఒకరు వచ్చి తలుపులు బార్లా తెరిచి, తల్లీబిడ్డలను ముందు వసారాలోకి, తరువాత ఆసుపత్రికి చేర్పించారు. ఇద్దరూ దక్కారు. అది నీరసమూ కాదు, దిష్టీ కాదు. కుంపటి నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు.

పొగ లేని విషం

పొగ పోయి నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు కుంపటిని లోపలికి తెస్తే ప్రమాదం లేదని పెద్దలు అనుకునేవారు. నిజానికి విషయం వేరు. కుంపటి అడుగుభాగాన బొగ్గు గాలితో కలిసి మండినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఏర్పడుతుంది. అది పైనున్న ఎర్రని బొగ్గుల గుండా పోతూ మరికొంత కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఇది మరింతగా పుడుతుంది.

ఇది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకొని ఆక్సిజన్‌కు చోటు లేకుండ చేస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ 19వ శతాబ్దం మధ్యకాలంలో నిరూపించాడు. ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా ఇది హీమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తలతిరుగుడు, వికారం. పిదప మగత, స్పృహ తప్పడం. నిద్రలో ఉన్నవానికి ఈ హెచ్చరికలు కూడ అందవు. కనుక కుంపటిని నిద్రించే గదిలో ఉంచరాదు. కిటికీ కొంచెం తెరచి ఉంచినంత మాత్రాన రక్షణ ఉందనుకోరాదు. గాలి సరిగా ఆడని స్నానాల గదిలో అమర్చిన గ్యాస్ గీజరుకు కూడ ఇదే సూత్రం వర్తిస్తుంది.

విద్యుత్ సాధనాలు

బొగ్గు మానివేసి విద్యుత్ హీటరు కొన్నంత మాత్రాన నిశ్చింత లేదు. 2000 వాట్ల హీటరు 230 వోల్టుల వద్ద దాదాపు 8.7 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. దీపానికో, రేడియోకో ఉద్దేశించిన 5 ఆంపియర్ల సాకెట్ దానిని భరించలేదు. తీగలో పుట్టే ఉష్ణం విద్యుత్ప్రవాహపు వర్గానికి అనులోమంగా ఉంటుందని జౌల్ సూత్రం చెబుతున్నది. అనగా ప్రవాహం రెండింతలైతే ఉష్ణం నాలుగింతలవుతుంది. తీగ పైతొడుగు కరగి, గోడలోపలే నిప్పు అంటుకోవడానికి ఇదే హేతువు. హీటరుకు 15 లేదా 16 ఆంపియర్ల సాకెట్, భూమి తీగ తప్పనిసరి. చుట్టలు చుట్టిన పొడుగు తీగతో గాని, తివాసీ క్రిందుగా పోయిన తీగతో గాని దానిని వాడరాదు. నీళ్లు కాచుకొనే కడ్డీని నీటిలో ముంచిన తరువాతనే స్విచ్ వేయాలి. స్విచ్ ఆపి, ప్లగ్ తీసిన తరువాతనే నీటిని ముట్టాలి.

పాటించవలసిన నియమాలు

మంటకు ఇంధనం, ఉష్ణం, ఆక్సిజన్ మూడూ కావాలి. వీటిలో ఒకదానిని దూరం చేస్తే మంట లేదు. ఈ సూత్రం నుండియే జాగ్రత్తలన్నీ పుట్టాయి.

పరుపు, రజాయి, తెరలు, ఆరవేసిన బట్టలు నిప్పుకు, హీటరుకు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. చీరకొంగు, దుపట్టా బిగించుకొని గాని నిప్పు దరికి పోరాదు. నూలుబట్ట త్వరగా అంటుకుంటుంది. నైలాన్ కరగి చర్మానికి అతుక్కుంటుంది. ఉన్ని అంత సులభంగా మండదు. వెలుగుతున్న స్టవ్‌లో కిరసనాయిలు పోయరాదు. పడుకొనే ముందు మంటలన్నీ ఆర్పాలి. నివురు గప్పిన నిప్పు మరునాటి వరకు కూడ చావదు. కనుక బూడిదను నీటితో తడిపి, లోహపు పాత్రలో ఇంటికి దూరంగా ఉంచాలి.

ఒంటిమీది బట్టలు అంటుకున్నప్పుడు పరుగెత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది. ఆగాలి, నేలమీద పడుకోవాలి, దొర్లాలి. పక్కవారు మందపాటి కంబళి కప్పాలి. కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లని నీరు ధారగా పోయాలి. సిరా, పేస్టు, నెయ్యి పూయడం హానికరం. విద్యుత్ పరికరం మండుతుంటే నీరు పోయక ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. అగ్నిమాపక దళానికి 101, అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108 – ఈ మూడు సంఖ్యలు ఇంట్లో పిల్లలకు సైతం కంఠస్థం కావాలి.

ఇల్లు కాలుతుంటే బావి త్రవ్వడం వివేకుల లక్షణం కాదు. విద్యార్థులు తాము తెలుసుకున్న ఈ నాలుగు మాటలను ఇంటికి పోయి అమ్మకు, అమ్మమ్మకు, దాదీకి, నానీకి చెప్పగలిగితే, రాబోయే చలికాలంలో ఏదో ఒక ఇంట ఒక బాలింత, ఒక పసికందు క్షేమంగా తెల్లవారు వెలుగు చూస్తారు. మనం చదివిన రసాయనశాస్త్రానికి అంతకంటె సార్థకత ఏముంటుంది?