పడకగది హాయిగా ఉండాలంటే ముందు పైకప్పు సంగతి చూడండి

ఈ రోజు ఎపిసోడ్‌లో పడకగది గురించి మాట్లాడుకుందాం. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకునే మనలాంటి ఇళ్ళ గురించి.

"కోజీ బెడ్‌రూమ్" అని వీడియోలు వెతికితే ఏం కనిపిస్తాయి? మందపాటి రగ్గు, కుచ్చుల దుప్పటి, నాలుగైదు దిండ్లు, కొవ్వొత్తులు, చిన్న చిన్న లైట్ల దండలు. చూడ్డానికి బాగుంటాయి. కానీ అవి చలిదేశాల వాళ్ళ హాయి. బయట మంచు పడుతుంటే లోపల వెచ్చగా ముడుచుకోవడం వాళ్ళకి సుఖం. ఏప్రిల్, మే నెలల్లో మనకి సుఖం అంటే చల్లదనమే కదండీ. ఈ తేడా ఆలోచించకుండా నేను మూడు వేలు తగలేశాను. ఆ సంగతి చివర్లో చెప్తాను.

మేము హైదరాబాదులో ఉప్పల్ వైపు ఒక పెంట్‌హౌస్‌లో ఉంటాం. పేరు వినగానే ఏదో ఊహించుకోకండి. మన దగ్గర పెంట్‌హౌస్ అంటే డాబా మీద వేసిన రెండు గదులు, కింద ఫ్లోర్ల కన్నా అద్దె తక్కువ. ఎందుకు తక్కువో మొదటి ఎండాకాలంలోనే తెలిసిపోతుంది. పడకగది ఒక్కటే. అందులో నేను, మా ఆయన, ఎనిమిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, మా అత్తయ్య. ఐదుగురం.

రెండేళ్ళ క్రితం మే నెలలో ఒక పొద్దున మా ఆయన డ్యూటీకి వెళ్తూ బండి మీద కునుకు తీశారు. డివైడర్‌కి తగిలి పడ్డారు. హెల్మెట్ ఉంది కాబట్టి మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. రాత్రి ఎంతసేపు నిద్రపోయారని అడిగితే, "ఎక్కడ, రెండింటి దాకా దొర్లుతూనే ఉన్నా" అన్నారు. నేనూ అంతే. ఎండాకాలం అంటే ఇంతే కదా అని అప్పటిదాకా సర్దుకుపోయాం. ఆ రోజు మాత్రం నాకు భయం వేసింది.

అసలు నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం తగ్గాలండి. రాత్రయ్యేసరికి శరీరం ఆ పని తనంతట తనే మొదలుపెడుతుంది. చేతులు, కాళ్ళ చర్మంలోంచి వేడిని బయటికి వదులుతుంది. పడుకునే గంట ముందు గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేస్తే నిద్ర బాగా పట్టేది కూడా ఇందుకే. చర్మంలోకి రక్తం ఎక్కువగా వచ్చి లోపలి వేడి తొందరగా బయటికి పోతుంది. కానీ గదే కాగుతుంటే ఆ వేడి ఎక్కడికి పోతుంది చెప్పండి?

నేనొక చిన్న థర్మామీటర్ కొని గోడకి తగిలించాను. రాత్రి పదింటికి బయట 31 డిగ్రీలు, మా గదిలో 36. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, ఫ్యాన్ ఐదులో తిరుగుతోంది. మీ గది సంగతి తెలియాలంటే ఫ్యాన్ ఆపేసి (ఆపడం మర్చిపోకండి, బాబోయ్!) మంచం మీద నిలబడి పైకప్పుకి చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. మాకైతే పెనం మీద చెయ్యి పెట్టినట్టే ఉండేది. కాంక్రీటు స్లాబు పగలంతా ఎండని తాగుతుంది, పొద్దుగూకాక నిదానంగా కిందకి వదులుతుంది. సరిగ్గా మనం పడుకునే వేళకి. ఫ్యాన్ గదిని చల్లబరచదు, చెమట ఆరేలా చేస్తుంది అంతే. పైగా స్లాబు కింద పేరుకున్న వేడి గాలిని మన మీదికే తోస్తుంది.

అందుకని ముందు పైకప్పు పని పెట్టుకున్నాం. డాబా శుభ్రంగా ఊడ్చి, కడిగి, సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేశాం. తెల్లటి పైకప్పు ఎండని చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ వెనక ఉన్న సూత్రం కూడా ఇదే. ఓనర్ అంకుల్ మొదట ఒప్పుకోలేదు. ఖర్చు మాది, పని మాది అన్నాక సరేనన్నారు. వారం తర్వాత రాత్రి పదింటికి గదిలో 33 ఉంది. మూడు డిగ్రీలేనా అనుకోకండి, పడుకునేవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. వానలకి సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా మార్చిలో మళ్ళీ వేసుకోవాలి. కూల్ రూఫ్ పెయింట్లయితే కొన్నేళ్ళు ఉంటాయి, కానీ ఖరీదు ఎక్కువ. సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లడం మా అమ్మ వాళ్ళింట్లో అలవాటు. అదీ పనిచేస్తుంది. మాలా ట్యాంకర్ కొనుక్కునే ఇంట్లో మాత్రం కుదిరే పని కాదు.

తర్వాత కిటికీలు. పగలంతా మూసి, కర్టెన్ వేసి ఉంచండి. బయట గాలి లోపలి గాలి కన్నా చల్లబడ్డాకే తెరవండి. మా దగ్గర అది రాత్రి ఎనిమిదికి అటూ ఇటూ. అప్పుడు టేబుల్ ఫ్యాన్‌ని కిటికీ దగ్గర బయటి వైపుకి తిప్పి పెట్టి, ఎదురుగా ఉన్న తలుపు తీయండి. లోపలి వేడి గాలి బయటికి పోయి, ఇటు నుంచి చల్లగాలి వస్తుంది. మా అత్తయ్య మొదట నవ్వారు, "ఊరికి గాలి విసురుతున్నావా అమ్మా" అని. ఇప్పుడు ఆవిడే తిప్పి పెడుతున్నారు.

కిటికీ తెరిస్తే దోమలు వస్తాయి, అవునండి. వెల్క్రోతో అంటించే జాలీ కొట్టించండి. దోమతెర మంచిదే కానీ ఫ్యాన్ గాలిని కొంత ఆపుతుంది. తలుపులన్నీ మూసి దోమల కాయిల్ వెలిగించడం మాత్రం మానేయండి. పిల్లలు రాత్రంతా ఆ పొగే పీలుస్తారు.

కూలర్ ఉన్నవాళ్ళు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చల్లదనం పోతుందని తలుపులు, కిటికీలు బిగించేస్తారు. కూలర్ గాలిలో తడి ఉంటుంది. అది బయటికి పోయే దారి లేకపోతే గంటలో గదంతా ఉక్కపోత. కూలర్‌కి ఎదురుగా ఒక కిటికీ తెరిచే ఉండాలి. ఇదైనా హైదరాబాదు, కర్నూలు లాంటి పొడి ఎండ ఉన్న చోట్ల మాటే. విజయవాడ, విశాఖపట్నంలో గాలిలో ఎలాగూ తేమ ఉంటుంది, కూలర్ అంతగా పనిచేయదు. ఏసీ ఉన్నవాళ్ళు 18లో పెట్టి రగ్గు కప్పుకునే బదులు 26లో పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెప్తోంది.

ఇక ఎవరు ఎక్కడ పడుకోవాలన్నది. దీని గురించి ఎవరూ చెప్పరు గానీ, మా ఇంట్లో సగం నిద్ర ఇక్కడే పోయేది. రాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కి లేచే అత్తయ్య గోడవారన, ఐదింటికే లేచే నేను మధ్యలో! ఒకళ్ళు లేస్తే అందరూ లేచేవాళ్ళం. ఇప్పుడు అత్తయ్య, నేను తలుపు వైపు. పిల్లలు గోడ వైపు. పెద్ద పరుపు ఒకటి తీసేసి విడివిడిగా బూరుగు దూది పరుపులు వేశాం, ఒకళ్ళు దొర్లితే ఇంకొకళ్ళకి తెలియదు. ఎవరి దుప్పటి వాళ్ళది, నూలువే. దుప్పటి కోసం పిల్లల కొట్లాట ఆ రోజుతో ఆగిపోయింది.

మా ఆడపడుచు మూడు నెలల పాపతో వచ్చి నెల రోజులు ఉంది. అత్తయ్య ఆప్యాయంగా ఆవాల దిండు కుట్టారు. ఇక్కడ నేను గట్టిగా నిలబడాల్సి వచ్చింది. ఏడాది లోపు పిల్లలకి దిండు, మెత్తటి బొంత, మందపాటి దుప్పటి ఏవీ వద్దు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో మళ్ళీ ఇదే చెప్పింది: తల్లి ఉన్న గదిలోనే, కానీ వేరే గట్టి పక్క మీద, వెల్లకిలా పడుకోబెట్టాలి. మెత్తటివి ముక్కుకి అడ్డుపడితే ఆ వయసు బిడ్డ తోసేసుకోలేదు. అత్తయ్య రెండు రోజులు ముభావంగా ఉన్నారు. పిల్లల డాక్టరు గారు కూడా అదే మాట అన్నాక దిండు బీరువాలో పెట్టేశారు.

వెలుతురు సంగతి త్వరగా చెప్పేస్తాను. కళ్ళలో వెలుగు పడుతుంటే, ముఖ్యంగా నీలం వెలుగు, మెలటోనిన్ సరిగా తయారవదు. నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే హార్మోన్ అదే. మాకు నీలం జీరో బల్బు ఉండేది, సరిగ్గా పిల్లల మొహాల మీద. తీసేసి బాత్రూమ్ దారిలో, మోకాలి ఎత్తులో ఒక ఎర్ర బల్బు పెట్టాం. వైఫై డబ్బా లైటుకి నల్ల టేపు. ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్. అలారం కోసం ఫోన్ కావాలని మా ఆయన పట్టుపడితే చిన్న గడియారం కొనిచ్చాను. వారం గొణిగారు.

ఇంక ఆ మూడు వేల సంగతి. బండి మీద పడిన కొత్తలో ఆ వీడియోలు చూసి రగ్గు, మెత్తటి పాలిస్టర్ దుప్పటి, సువాసన కొవ్వొత్తులు, లైట్ల దండ ఆర్డర్ పెట్టాను. రగ్గులో దుమ్ము పట్టి బాబుకి తుమ్ములు మొదలయ్యాయి. దుప్పటి ఒంటికి తగిలితే చెమటలు. కొవ్వొత్తులు కరెంటు పోయినప్పుడు వెలిగించేశాం. లైట్ల దండ మాత్రం వినాయక చవితికి మండపానికి కట్టాం, బాగుంది.

వచ్చే ఎపిసోడ్‌లో పాత దూది పరుపు పారేయకుండా ఏకించి మళ్ళీ కుట్టించుకోవడం గురించి చెప్తాను.