ఇల్లు పాడైతే అద్దె ఆపడం కాదు... ముందు నోటీసు ఇవ్వాలి

కోటబొమ్మాళి: 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. జిల్లాలో ఎన్నో ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి. పలు గ్రామాలు రోజుల తరబడి చీకట్లో గడిపాయి. ఇటువంటి విపత్తుల వేళ అద్దె ఇళ్లలో ఉన్నవారిని వేధించే సందేహాలు కొన్ని ఉన్నాయి. కురుస్తున్న ఇంటికి పూర్తి అద్దె చెల్లించాలా? మరమ్మతులు ఎవరు చేయించాలి?

వర్తించే చట్టం

1960 నాటి రాష్ట్ర అద్దెల నియంత్రణ చట్టం ప్రధానంగా మునిసిపాలిటీలను ఉద్దేశించి వచ్చినది. గ్రామాల్లోని అద్దె ఇళ్లకు మూలాధారం 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. అందులోని 108వ సెక్షన్ యజమాని, అద్దెదారుల హక్కులను, బాధ్యతలను వివరిస్తుంది. అయితే ఇరువురి మధ్య వేరే ఒప్పందం ఉంటే దానికే ప్రాధాన్యం.

మరమ్మతులు ఎవరివి?

యజమాని తాను చేయించవలసిన మరమ్మతులను, నోటీసు అందిన తర్వాత కూడా తగిన వ్యవధిలో చేయించకపోతే, అద్దెదారు వాటిని చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. కానీ ప్రతి మరమ్మతూ యజమానిదేనని ఈ చట్టం చెప్పలేదు. ఒప్పందంలో ఆ మాట లేకపోతే వాదన బలహీనపడుతుంది. అందువల్ల పైకప్పు, గోడలు, నీటి మోటారు, విద్యుత్తు వైరింగు బాధ్యత ఎవరిదో ఇంట్లో చేరేముందే పత్రంలో రాయించుకోవాలి.

ఇల్లు నివాసయోగ్యం కాకపోతే

అగ్నిప్రమాదం, తుపాను, వరద వంటి కారణాలతో ఇంటిలో ముఖ్యభాగం పూర్తిగా ధ్వంసమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు అద్దెదారుకు ఉంది. తన తప్పిదం వల్ల నష్టం జరిగితే ఈ హక్కు వర్తించదు. తాత్కాలికంగా నీరు కారడం కూడా దీని కిందకు రాదు.

బలవంతంగా ఖాళీ చేయిస్తే

అద్దె చెల్లిస్తూ షరతులు పాటించేవారు ఆటంకం లేకుండా ఇంట్లో ఉండవచ్చు. నెలవారీ అద్దె ఇంటికి, వేరే ఒప్పందం లేనప్పుడు, ఎవరు ముగించదలచినా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. చట్టప్రకారం కాకుండా తాళం వేసి వెళ్లగొడితే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షన్ కింద 6 నెలల్లోగా సివిల్ కోర్టును ఆశ్రయించవచ్చు.

ఏం చేయాలి?

* దెబ్బతిన్న భాగాలను తేదీతో సహా ఫొటోలు తీసి ఉంచుకోవాలి.
* మరమ్మతు కోరుతూ లిఖితపూర్వక నోటీసును స్పీడుపోస్టులో పంపి రసీదు భద్రపరచాలి.
* అద్దెను బ్యాంకు ద్వారా చెల్లించాలి. చెప్పకుండా ఆపేస్తే బకాయిదారు అన్న ముద్ర పడి కేసు ఎదురుతిరుగుతుంది.
* సొంతంగా మరమ్మతు చేయిస్తే ప్రతి బిల్లూ దాచుకోవాలి.

మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, విపత్తు బాధితులు 1987 నాటి చట్టం ప్రకారం ఉచిత న్యాయసహాయానికి అర్హులు. శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా సలహా లభిస్తుంది.