ఇంట్లో గిటారుకి ఏ యాంపు?

రాత్రి పదిన్నరకి, పిల్లలు పడుకున్నాక, ఇండియా టీముతో కాల్ మొదలయ్యే లోపు దొరికే అరగంటలో ఎలక్ట్రిక్ గిటారు చేతికి తీసుకునే వాళ్ళు మనలో తక్కువేం కాదు. హాస్టల్లో ఎవరి దగ్గరో నాలుగు కార్డులు నేర్చుకుని, ఇక్కడికొచ్చి ఉద్యోగం కుదిరిన మొదటి సంవత్సరమే ఓ గిటారు కొనేసిన బాపతు. ఆ గిటారు చాలా ఇళ్ళలో ఏడాది తిరిగేసరికి క్లాజెట్లో సూట్‌కేసుల వెనక చేరుతుంది. తీరిక లేదనీ, వయసు మీద పడిందనీ మనకి మనం చెప్పుకుంటాం. నాకు తెలిసిన నాలుగైదు కేసుల్లో మాత్రం అసలు దోషి యాంప్లిఫయరు.

వాటిలో మొదటి కేసు నాదే. షాపులో కుర్రాడు "15 వాట్లే కదా, ఇంటికి సరిగ్గా సరిపోతుంది" అంటే నమ్మి ఒక ట్యూబు యాంపు కొన్నాను. షాపులో తలుపులేసిన గదిలో వాల్యూము సగానికి తిప్పి వాయిస్తే తేనె కారినట్టు పలికింది. ఇంటికి తెచ్చి, రెండో అంతస్తు అపార్ట్‌మెంటులో వాల్యూము ఒకటి మీద పెడితే రేకు డబ్బా చప్పుడు. రెండు మీద పెడితే కింద ఫ్లాటాయన చీపురు కర్రతో తన సీలింగుని పొడవడం మొదలెట్టాడు. ఒకటికీ రెండుకీ మధ్య వెంట్రుకవాసి సందులో ఆరు నెలలు సాధన చేశాను. తరవాత తలుపు కింద నుంచి లీజింగ్ ఆఫీసు వారి కాగితం వచ్చింది. యాంపుని సగం ధరకి అమ్మేశాను. గిటారు రెండేళ్ళ పాటు ముట్టుకోలేదు.

15 వాట్లు తక్కువ అనుకోవడం దగ్గరే పప్పులో కాలేశాను. లెక్క చూద్దాం. గిటారు యాంపుల్లో వాడే 12 అంగుళాల స్పీకర్లకి ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో దాదాపు 98 డెసిబెల్ల శబ్దం చేస్తాయి. మనం మామూలుగా మాట్లాడుకునే గొంతు 60 డెసిబెల్ల దగ్గర ఉంటుంది. పక్క గదిలో పిల్లలు లేవకుండా ఉండాలంటే 70 దాటకూడదనుకుందాం. 98 నుంచి 70కి దిగాలంటే 28 డెసిబెల్లు తగ్గాలి. పది డెసిబెల్లు తగ్గితే శక్తి పదో వంతు అవుతుంది కనక, 28 తగ్గితే మిగిలేది సుమారు 1.6 మిల్లీవాట్లు. అంటే ఆ 15 వాట్ల యాంపు చేత నేను దాని శక్తిలో దాదాపు పదివేలవ వంతు పని చేయిస్తున్నానన్న మాట. ఇంకో విషయం కూడా ఇందులోనే ఉంది. శక్తి పది రెట్లు పెరిగితే చెవికి శబ్దం సుమారు రెట్టింపయినట్టు వినిపిస్తుంది, అంతే. కాబట్టి 15 బదులు 5 వాట్ల ట్యూబు యాంపు కొన్నా కింద ఫ్లాటాయనకి పెద్ద తేడా తెలియదు.

తక్కువ శబ్దంలో వాయిస్తే నష్టమేమిటి? ట్యూబు యాంపుల విషయంలో నష్టం ఉంది. చిన్నప్పుడు తాతగారింట్లో వాల్వు రేడియో వేడెక్కి పలకడానికి కాస్త సేపు పట్టడం గుర్తుండే ఉంటుంది. గిటారు యాంపుల్లోవీ ఆ జాతి వాల్వులే. తన శక్తికి మించిన సిగ్నలు వస్తే వాల్వు ఆ తరంగం శిఖరాలని కత్తిరించినట్టు కాకుండా, అరగదీసినట్టు గుండ్రంగా చేస్తుంది. అలా గుండ్రబడిన తరంగంలో అసలు స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడు రెట్లు, అయిదు రెట్ల పౌనఃపున్యాలు కొత్తగా పుట్టుకొస్తాయి. దీన్నే డిస్టార్షన్ అంటాం. రేడియో తయారుచేసేవాడికి ఇది లోపం. 1960లలో గిటారిస్టులు ఈ లోపాన్నే వాయిద్యంలో భాగం చేసుకున్నారు. మనం రికార్డుల్లో విని మోజుపడ్డ నాదంలో చాలా భాగం, కష్టపడి పనిచేస్తున్న యాంపుది: లోపలి పవర్ ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు కోను, అన్నీ కలిసి కాస్త కాస్త వంగిపోతూ చేసే ధ్వని. 1.6 మిల్లీవాట్ల దగ్గర అవన్నీ నిద్రపోతుంటాయి.

గొడవంతా ఇక్కడుంది: నాదం శబ్దంతో ముడిపడి ఉంది. మోడలింగ్ యాంపు చేసే పని ఈ ముడి విప్పడం. యాంపు కష్టపడినట్టు కంప్యూటరు లెక్కగడుతుంది. ఆ వచ్చిన ఫలితాన్ని ఎంత గట్టిగా వినాలన్నది మన ఇష్టం.

లోపల జరిగేది మన వాళ్ళకి సులభంగానే అర్థమవుతుంది. గిటారు పికప్ నుంచి వచ్చే సిగ్నలుని సెకనుకి 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా మారుస్తారు. ఆ అంకెల్ని ఒక వంపు ఫంక్షను గుండా పంపుతారు. మొదటి మెట్టుగా హైపర్‌బోలిక్ టాంజెంటు లాంటిదే చాలు: చిన్న విలువల్ని ఉన్నవున్నట్టు వదిలేసి, పెద్ద విలువల్ని మెల్లగా అణిచేస్తుంది. దాని ముందూ వెనకా బాస్, ట్రెబుల్ ఫిల్టర్లు. చివర్లో స్పీకరు పెట్టె. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక బాగా చేతులెత్తేస్తుంది. డిస్టార్షన్లోని గరగరని మింగేసేది ఈ లక్షణమే. అందుకని ఒక అసలు స్పీకరు పెట్టె ముందు మైకు పెట్టి, దాని ఇంపల్స్ రెస్పాన్సు కొలిచి, మన సిగ్నలుతో కాన్వల్యూషన్ చేస్తారు. డిగ్రీలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపరు పాసై మర్చిపోయిన వాళ్ళకి, ఆ పాఠం దేనికో ఇప్పుడు తెలుస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. 5,000 హెర్ట్జ్ అంశానికి ఏడో రెట్టు 35,000. సెకనుకి 48,000 శాంపిళ్ళ చొప్పున కొలుస్తున్నప్పుడు 24,000 పైన దేనికీ చోటు లేదు కనక, అది అద్దంలో ప్రతిబింబంలా వెనక్కి మడతపడి 13,000 దగ్గర తేలుతుంది. మరికొన్ని ఇంకా కిందికి, స్పీకరు ఫిల్టరు కూడా ఆపలేని చోటికి మడతపడతాయి. వీటికీ మీరు వాయించిన స్వరానికీ ఏ సంబంధమూ ఉండదు. తొలినాళ్ళ మోడలింగ్ యాంపుల్లో పై స్వరాల దగ్గర వినిపించిన ఇసుక రాలినట్టుండే ధ్వనికి ఇదో కారణం. దీనికి మందు, లెక్కని నాలుగు, ఎనిమిది రెట్ల శాంపిళ్ళతో చేసి తరవాత తగ్గించడం. దానికి ప్రాసెసరు కావాలి. లైన్ సిక్స్ కంపెనీ 1996లో తెచ్చిన యాక్సిస్ 212 డిజిటల్ మోడలింగ్ యాంపుల్లో మొదటిది. 1998లో అదే కంపెనీ నుంచి చిక్కుడు గింజ ఆకారంలో ఎర్రటి పాడ్ వచ్చింది. అప్పటి చిప్పులకీ ఇప్పటి చిప్పులకీ ఉన్న తేడా మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఒక యాంపుని పరీక్ష సిగ్నలుతో వాయించి, వచ్చినదాన్ని రికార్డు చేసి, న్యూరల్ నెట్‌వర్కుకి నేర్పే పద్ధతి కూడా ఉంది. స్టీవెన్ అట్కిన్సన్ రాసిన న్యూరల్ యాంప్ మోడలర్ ఓపెన్ సోర్సు. కోడు చదువుకోవాలనుకునే వాళ్ళు చదువుకోవచ్చు.

కాబట్టి ఈనాడు పేరున్న కంపెనీ యాంపు ఏది తీసుకున్నా మోడలింగ్ వరకు బాగానే ఉంటుంది. పెట్టె మీద "30 యాంపులు, 60 ఎఫెక్టులు" అని రాసి ఉంటే ఆ అంకె చూసి కొనకండి. నాకు తెలిసిన వాళ్ళందరూ చివరికి మూడింటితో స్థిరపడ్డారు: ఒక శుభ్రమైన ఫెండర్ తరహా, ఒక కాస్త కరకరలాడే వాక్స్ తరహా, ఒక మార్షల్ తరహా. ఆరా తీయాల్సింది వేరే విషయాల గురించి.

మొదటిది స్పీకరు. ఇంట్లో వాడే మోడలింగ్ యాంపుల్లో రెండు రకాలున్నాయి. బాస్ కటానా 50 లాంటి వాటిలో 12 అంగుళాల గిటారు స్పీకరు ఉంటుంది. గదిలో ఒక యాంపు ఉన్న అనుభూతి నిజంగా ఇస్తుంది. శక్తిని అర వాటుకి తగ్గించే మీట కూడా ఉంది. అయితే పై లెక్క ప్రకారం అర వాటంటే 95 డెసిబెల్లు. ఆ మీట ఉంది కదా అని ధైర్యపడి వాల్యూము తిప్పేయకండి. రెండో రకం యమహా టీహెచ్ఆర్, పాజిటివ్ గ్రిడ్ స్పార్క్ లాంటివి: పుస్తకాల అలమారలో పట్టే పెట్టెలు, రెండు చిన్న స్పీకర్లు, పాటలు కూడా బాగా పలుకుతాయి. పాట పెట్టుకుని దాంతో పాటు వాయించే వాళ్ళకి ఇవే సుఖం. ఎప్పటికైనా డ్రమ్ములున్న బృందంతో వాయించే ఆలోచన ఉంటే మొదటి రకం. అపార్ట్‌మెంటు, అరగంట సాధన అయితే రెండోదే నా ఓటు. గిటారు జాకులో గుచ్చుకునే ఫెండర్ మస్టాంగ్ మైక్రో లాంటి అగ్గిపెట్టె సైజు హెడ్‌ఫోన్ యాంపులు కూడా ఉన్నాయి. పసిపిల్లలున్న ఇంట్లో ముందు అదొక్కటే కొనమంటాను.

రెండోది చెవి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లో చూపించినట్టు, శబ్దం తగ్గే కొద్దీ మన చెవికి మంద్రం మిగతావాటికన్నా ఎక్కువగా వినబడకుండా పోతుంది. ఫ్యాక్టరీలో పెద్ద శబ్దంతో విని అమర్చిన ప్రీసెట్టు మీ పడగ్గదిలో పీలగా ఉంటే యాంపుని తిట్టకండి, బాస్ కాస్త పెంచండి. పెంచే ముందు యాంపుని నేల మీద నుంచి తీసి కుర్చీ మీద, కింద మందపాటి ఫోము వేసి పెట్టండి. ఇక్కడి చెక్క ఇళ్ళలో గోడల కంటే నేలలోంచే మంద్రం కిందికి దిగుతుంది. ఆ చీపురు కర్ర నా బాస్ స్వరాలకే లేచిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

మూడోది ఆలస్యం. ధ్వని గాలిలో ఒక మిల్లీసెకండులో 34 సెంటీమీటర్లు పోతుంది. యాంపు లోపలి లెక్కలకి మూడు మిల్లీసెకండ్లు పట్టినా మీరు మీటరు దూరం జరిగి కూర్చున్నట్టే, ఎవరికీ తెలియదు. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో అది 100, 200 మిల్లీసెకండ్ల దాకా పోతుంది. అంటే యాంపు యాభై మీటర్ల అవతల ఉన్నట్టు! వాయించడం అసాధ్యం. యాంపు మీద రాసే "బ్లూటూత్" చాలావరకు ఫోన్లోంచి పాట లోపలికి పంపడానికి. మీకు కావలసింది తీగ ఉన్న హెడ్‌ఫోను. లేదా బాస్ వాజా ఎయిర్ లాగా గిటారు సిగ్నలు కోసం బ్లూటూత్ కాని సొంత వైర్‌లెస్ పద్ధతి ఉన్నది.

మన సంగీతం వాయించే వాళ్ళకి ఒక మాట. ఇక్కడి సమీక్షలన్నీ బ్లూస్, మెటల్ వాయించే వాళ్ళు రాసేవి. వాళ్ళకి ముఖ్యం కానిది మనకి ముఖ్యం. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ నాలుగు జంట తీగల బదులు అయిదు ఒంటి తీగలు పెట్టి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. మీటు వేసిన స్వరం నిలబడితేనే తీగ లాగి గమకం పలికించగలం. ఆ నిలకడ పికప్పూ యాంపూ కలిసి ఇచ్చేది. గిటారు మీద ఆనందభైరవి ప్రయత్నించినా, ఇళయరాజా పాటలో వీణ బిట్టు ప్రయత్నించినా అంతే. కాబట్టి శుభ్రమైన టోను, దానికి ముందు కాస్త కంప్రెసరు. చాలా ప్రీసెట్లలో నాయిస్ గేటు ముందే వేసి ఉంటుంది. సిగ్నలు ఒక స్థాయి కన్నా తగ్గగానే అది తలుపు మూసేస్తుంది. గమకం చివరి ఊగు సరిగ్గా అక్కడే ఉంటుంది! నా చేతిలో స్వరం నిలవడం లేదని నెల రోజులు నన్ను నేను తిట్టుకున్నాక గానీ ఆ గేటు సంగతి కనిపెట్టలేదు. కొన్న రోజే దాన్ని తీసేయండి.

నాబులు యాంపు మీదే ఉన్నవి కొనండి. అన్నీ ఫోను యాప్‌లోంచే మార్చాల్సిన యాంపు, ఆ యాప్‌ని కంపెనీ వదిలేసిన రోజున ఏమవుతుందో సాఫ్ట్‌వేరు వాళ్ళకి వేరే చెప్పాలా?

షాపుకి మీ గిటారు మీరే పట్టుకెళ్ళండి. వెంట ఒకరిని తీసుకెళ్ళి, మీరు వాయిస్తుండగా వాళ్ళు మామూలు గొంతుతో మాట్లాడితే మీకు మాట తెలిసేంత వరకు వాల్యూము తగ్గించండి. తగ్గించాక పది నిమిషాలు వాయించండి. అక్కడ బాగున్నదే ఇంట్లో బాగుంటుంది. నేను రెండోసారి కొన్నప్పుడు మా ఆవిడని తీసుకెళ్ళాను. నాకు నచ్చిన పెద్ద యాంపు దగ్గర ఆవిడ మాట ఒక్కటీ వినబడలేదు, చిన్న పెట్టె దగ్గర, "ఇంక వెళ్దామా?" అన్నది స్పష్టంగా వినబడింది. అదే కొన్నాం.

ఎప్పటికైనా తిరిగి వెళ్ళే ఆలోచన ఉంటే వెనక ఉన్న చీటీ కూడా చదవండి. ఇక్కడ 120 వోల్టులు, ఇండియాలో 230. పవర్ సప్లై లోపలే ఉండి 120 అని మాత్రమే రాసి ఉన్నదాన్ని అక్కడ నేరుగా గుచ్చితే కాలిపోతుంది. దానికి బరువైన ట్రాన్స్‌ఫార్మరు మోయాలి. బయటి అడాప్టరు మీద 100–240 అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. యూఎస్‌బీతో చార్జయ్యే హెడ్‌ఫోన్ యాంపుకి ఆ బెడద కూడా లేదు. పోయిన వేసవిలో నేను ఊరికి తీసుకెళ్ళింది దాన్నే.