చెరువులో చేపలెన్ని? లెక్క చూసుకుని పిల్లల్ని వదులుదాం

వానలు పడి చెరువు నిండగానే చేప పిల్లల్ని వదులుతాం. అప్పటికే చెరువులో ఏమున్నాయో మాత్రం చూడం. వాలుగలు, కొర్రమీన్లు ఎక్కువున్న చోట వేలెడంత లేని పిల్లల్ని వదిలితే వాటికి మేత వేసినట్టే. తర్వాత వల ఖాళీగా వస్తే విత్తనం మంచిది కాదంటాం.

నీళ్లన్నీ తోడకుండానే చేపల్ని అంచనా వేసే తేలికైన పద్ధతి ఉంది. వీడియోలో వరుసగా చూపించాం.

ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు, కొత్త నీరు రాని, అలుగు పారని రోజులు చూసుకోండి. తెల్లవారుజామునే వల వేయాలి. ఎండెక్కితే చేప తట్టుకోదు.

బొచ్చెలు 100 దొరికాయనుకుందాం. తడి చేతులతో పట్టుకుని, పొట్ట కింద జంటగా ఉండే రెక్కల్లో ఒకదాని కొన కొంచెం కత్తిరించి వదిలేయండి. అది మళ్లీ పెరుగుతుంది. వారం ఆగండి. ఈలోగా ఎవరూ చేపలు పట్టకూడదు. మళ్లీ అదే వల వేస్తే 80 బొచ్చెలొచ్చి, వాటిలో 8 గుర్తున్నవి అయితే, పదింట ఒకటి మనం గుర్తు పెట్టిందన్నమాట. 100ని 80తో గుణించి 8తో భాగిస్తే 1000. చెరువులో సుమారు అన్ని బొచ్చెలున్నట్టు. గుర్తున్నవి రెండో మూడో వస్తే ఆ లెక్క నమ్మొద్దు, ఇంకో రోజు వల వేయండి. ప్రతి రకానికీ లెక్క వేరు. వల కంట్లోంచి జారిపోయే చిన్నవి ఈ లెక్కలోకి రావని మర్చిపోవద్దు.

ఇప్పుడు నిర్ణయం తేలిక. పాత బొచ్చెలు బాగానే ఉంటే కొత్త పిల్లలు తగ్గించండి. వాలుగ, కొర్రమీను ఎక్కువుంటే ముందు వాటిని పట్టి అమ్ముకుని, 80-100 మిల్లీమీటర్ల పెద్ద పిల్లల్నే వదలండి. ఎటు చూసినా అరచేతిలో పట్టే జిలేబీలే ఉంటే అవి కిక్కిరిసి ఎదగట్లేదని అర్థం. వాటిని తీసేయకుండా కొత్త విత్తనం వేయడం దండగ.

మన ప్రకృతి రైతులకు ఇంకో మాట. పొగాకు, పచ్చిమిర్చి, వేపాకు పడే అగ్నిఅస్త్రం మందు కాదు కదా అని ఆ డ్రమ్ములు చెరువులో కడగొద్దు. పొగాకు సారం చేపకి విషమే. పక్క పొలం పురుగుమందు నీళ్లు కూడా చెరువులోకి దిగకుండా గట్టు, గడ్డి వరస ఉంచండి.

చెరువు మీద హక్కు మత్స్యకార సంఘానిదైతే ముందు వాళ్లతో మాట్లాడండి. వల వేయడం, చేపని గుర్తుపట్టడం మనకన్నా వాళ్లకే బాగా తెలుసు. లెక్క అందరి ముందూ జరిగితే, పిల్లలెన్ని వదలాలన్న దాని మీద ఊళ్లో గొడవ ఉండదు.